సెకండ్ హ్యాండ్ కార్బన్ సైకిల్ కొనేముందు ఫ్రేమ్ ఎలా చెక్ చేయాలి, స్టీలు అల్యూమినియంతో పోలిస్తే అసలు ఎంత గట్టిది

కార్బన్ సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకునే అందరికీ ఒకటే భయం, ఐదారేళ్లు వాడేశారు కదా ఇంకెన్నాళ్లు వస్తుంది, తొక్కుతుంటే ఏదో ఒకరోజు పుటుక్కుమంటుందేమో అని. అమ్మేవాళ్లేమో "ఏం కాదు అన్నా, విమానాలకి వాడే మెటీరియల్ ఇది" అంటారు. రెండూ సగం సగం నిజాలే. కార్బన్‌కి వయసు పెద్ద లెక్క కాదు, తగిలిన దెబ్బే లెక్క. మెటల్ ఫ్రేములు వాడగా వాడగా అలిసిపోయి పగలొచ్చు, కార్బన్ మటుకు దాన్ని ఎలా తొక్కాలని డిజైన్ చేశారో అలా తొక్కినంతకాలం నడుస్తూనే ఉంటుంది, కానీ పక్క నుంచి ఒక రాయో, కారు ర్యాక్ క్లాంపో, పడ్డప్పుడు హ్యాండిల్ చివరో గట్టిగా తగిలిందంటే ఆ చోటు ఇక అనుమానమే. కాబట్టి "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది" అని ఒకసారి అడిగి వదిలేయండి, ఎక్కడెక్కడ తగిలిందో వెతకడం మీద టైమ్ పెట్టండి.

రోడ్ బైక్‌ని మనసులో పెట్టుకుని రాస్తున్నా, ఎమ్‌టీబీకి (మట్టిదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్) కూడా చాలావరకు ఇదే పద్ధతి.

ముందు మెటీరియల్స్ సంగతి, ఇది తెలియకపోతే చెక్ చేయడం కూడా రాదు

స్టీలుతో మొదలుపెడదాం. మంచి స్టీలు ఫ్రేములు క్రోమోలీతో (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) చేస్తారు, బరువెక్కువ, రోడ్ ఫ్రేమ్ ఒక్కటే దాదాపు రెండు కేజీలు తూగుతుంది. కానీ స్టీలుకి ఒక మంచి గుణం ఉంది, దాని మీద పడే ఒత్తిడి ఒక హద్దు దాటనంతవరకు ఎన్ని లక్షల సార్లు ఊగినా పగులు పుట్టదు, దీన్నే ఫటీగ్ లిమిట్ అంటారు. అల్యూమినియంకి ఈ హద్దే లేదు, ఒత్తిడి చిన్నదైనా మళ్లీ మళ్లీ పడుతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పగులు మొదలవుతుంది, దానికి తోడు స్టీలుతో పోలిస్తే అల్యూమినియం బరువూ మూడో వంతే, స్టిఫ్‌నెస్సూ మూడో వంతే. అందుకే అల్యూమినియం ఫ్రేములకి ట్యూబులు అంత లావుగా పెడతారు, ట్యూబు లావైతే ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పగులు రావడానికి మీ జీవితమంతా పట్టొచ్చు. టైటానియం ఈ రెంటికీ మధ్యలో, తుప్పు అస్సలు పట్టదు, అలుపూ తక్కువే, కాకపోతే వెల్డింగ్ చేసేటప్పుడు లోపలా బయటా ఆర్గాన్ గ్యాస్ సరిగ్గా నింపకపోతే గాలి తగిలి అతుకు పెళుసైపోతుంది, టైటానియం ఫ్రేమ్ పగిలిందంటే ఎక్కువగా అతుకు దగ్గరే.

కార్బన్ అసలు లోహం లాంటిదే కాదు. సన్నటి కార్బన్ పోగులు, వాటిని పట్టి ఉంచే ఎపాక్సీ రెజిన్, అంతే. జపాన్‌లో టోరే కంపెనీ చేసే టీ700 పోగు బలం 4900 మెగాపాస్కల్స్, మామూలు క్రోమోలీ స్టీలు వెయ్యి కూడా దాటదు, బరువు చూస్తే స్టీలులో నాలుగో వంతు కూడా ఉండదు. వింటే మతిపోతుంది కదా, కానీ ఆ బలమంతా పోగు పొడుగున లాగితేనే. అడ్డంగా లాగితే పట్టి ఉంచేది రెజిన్ ఒక్కటే, దాని బలం ఎంతో ఉండదు. అందుకే ఫ్రేమ్‌లో పొరలు పొరలుగా వేరే వేరే కోణాల్లో వేస్తారు, ఇంజినీర్ ఎటు నుంచి బలం పడుతుందని ఊహించాడో అటు బండలా ఉంటుంది, ఊహించని వైపు నుంచి ఒక్క చోట నొక్కితే మాత్రం పొరలు విడిపోతాయి. టాప్ ట్యూబ్ (సీటు నుంచి హ్యాండిల్ వైపు పోయే పై ట్యూబు) మీద కూర్చుని ఫోన్ చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇంకోటి, 1997లో జర్మనీలో టూర్ అనే సైకిల్ పత్రిక వాళ్లు పన్నెండు ఖరీదైన ఫ్రేములు తీసుకుని మెషిన్ మీద పెట్టి పెడల్ తొక్కినట్టు అదే పనిగా బలం వేయించారు. గెలిచేది స్టీలూ టైటానియమే అని అందరూ అనుకునే రోజులవి. స్టీలూ టైటానియం ఫ్రేములు విరిగిపోయాయి, చివరిదాకా నిలబడిన మూడింట్లో రెండు అల్యూమినియం, కానన్‌డేల్‌దీ ప్రిన్సిపియాదీ, మూడోది ట్రెక్ కంపెనీ ఓసీఎల్‌వీ కార్బన్. దీన్నిబట్టి స్టీలు చెత్త, కార్బన్ గొప్ప అనేసుకోకండి, ఫ్రేమ్ ఎన్నాళ్లొస్తుందో మెటీరియల్ పేరు చూసి చెప్పలేం, ఎవరు ఎంత జాగ్రత్తగా డిజైన్ చేశారో దాన్నిబట్టే ఉంటుంది, అంతవరకే తీసుకోండి. పైగా ఆ మెషిన్ పెడలింగ్ బలమే వేసింది, రోడ్డు మీద రాళ్లు తగిలించలేదు, కింద పడెయ్యలేదు. ఇప్పుడు ఫ్రేములకి పాటించే ఐఎస్‌ఓ 4210 స్టాండర్డ్‌లో కూడా పెడలింగ్ టెస్టు లక్ష సార్లు చేస్తారు, దాంతోపాటు ముందు నుంచి బరువు గుద్దించే టెస్టు వేరేగా ఉంటుంది.

సరే పనిలోకి వద్దాం.

ఫోన్‌లోనే సగం తేల్చుకోండి

వెళ్లకముందే అమ్మేవాళ్లని నాలుగు ప్రశ్నలు అడగండి. మీరు ఫస్ట్ ఓనరేనా, బిల్లు ఉందా, ఎప్పుడైనా పడ్డారా, పడితే ఏ పక్కకి. "అస్సలు పడలేదు" అని టక్కున చెప్పేవాళ్ల కన్నా "ఒకసారి కుడిపక్కకి జారింది, హుడ్ (బ్రేక్ లీవర్ మీది రబ్బరు తొడుగు) గీసుకుంది" అని చెప్పేవాళ్లని నేనైతే ఎక్కువ నమ్ముతా, రోడ్ బైక్ నాలుగేళ్లు తొక్కి ఒక్కసారి కూడా పడనివాళ్లు చాలా తక్కువ. కారు మీద ర్యాక్‌లో పెట్టి తీసుకెళ్లేవారా, పెడితే టాప్ ట్యూబ్‌ని పట్టుకునే క్లాంపా లేక చక్రాల్ని పట్టుకునేదా, ఇదీ అడగండి, చాలామంది అడగరు.

వారంటీ గురించి ఆశ పెట్టుకోకండి. చాలా కంపెనీలు ఫ్రేమ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ అంటాయి కానీ అది మొదట కొన్నవాళ్లకే, చెయ్యి మారితే అయిపోయినట్టే. బిల్లు అడగమనేది వారంటీ కోసం కాదు, ఫ్రేమ్ అసలుదో నకిలీదో, దొంగ సొత్తో కాదో తెలియడానికి. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) కింద సీరియల్ నంబర్ ఫోటో పంపమనండి, కంపెనీ షాపులో అడిగితే మోడలూ సంవత్సరం చెప్తారు. ఇటలీ బ్రాండ్ల పేరేసి వచ్చే నకిలీ ఫ్రేములు మార్కెట్లో బోలెడున్నాయి. మంచి బ్రాండ్ల కార్బన్ ఫ్రేములు కూడా ఎక్కువభాగం తైవాన్, చైనాల్లోనే తయారవుతాయి కాబట్టి చైనాది అన్నంత మాత్రాన తప్పేం లేదు, కానీ నకిలీదాంట్లో లోపల ఎన్ని పొరలేశారో ఎవరు టెస్టు చేశారో చెప్పేవాడే ఉండడు. పెద్ద బ్రాండ్ టాప్ మోడల్ సగం కన్నా తక్కువకి వస్తోందంటే ఆశపడకుండా వదిలేయండి.

మోడల్ ఎంచుకునేటప్పుడు ఒక సలహా. ఒకే సైకిల్‌కి కంపెనీలు రెండు మూడు గ్రేడుల ఫ్రేములు చేస్తాయి, టాప్ గ్రేడ్ ఏడెనిమిది వందల గ్రాములుంటే మధ్య గ్రేడ్ కేజీ దాకా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో మధ్య గ్రేడే మేలు. టాప్ గ్రేడ్‌లో హై మాడ్యులస్ పోగులు వాడతారు, అవి స్టిఫ్‌గా ఉంటాయి కానీ కొంచెం సాగగానే తెగుతాయి, పైగా గోడ పల్చన. ఆ రెండొందల గ్రాములు రెండో వాటర్ బాటిల్ సగం నింపుకుంటే సరిపోయే బరువు, దానికోసం ఫ్రేమ్ గోడ పల్చన చేసుకోవడం నాకైతే దండగ అనిపిస్తుంది.

బాగా పాత కార్బన్ అయితే ఇంకో సంగతి. 1986లో గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచినప్పుడు తొక్కిన లుక్ కంపెనీ "కేజీ 86" మోడల్ కార్బన్ ట్యూబులదే, అంటే ఇదేం నిన్న మొన్న వచ్చిన మెటీరియల్ కాదు. కానీ ఆ రోజుల ఫ్రేముల్లో చాలావాటికి కార్బన్ ట్యూబుల్ని అల్యూమినియం లగ్గుల్లో (ట్యూబుల్ని కలిపే సాకెట్లు) జిగురుతో అతికించేవారు. కార్బన్‌కీ అల్యూమినియంకీ మధ్య తడి చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది, గాల్వానిక్ కరోజన్ అంటారు, ట్యూబు బాగానే ఉంటుంది కానీ అతుకు ఊడుతుంది. గోడకి తగిలించుకోవడానికి బాగుంటాయి, తొక్కడానికి కొనకండి.

పొద్దున్నే వెళ్లండి, చేతిలో ఇవి పట్టుకెళ్లండి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద చూపిస్తే ఒప్పుకోకండి, బయట వెలుతురులోకి తెమ్మనండి. తడి గుడ్డ, పొడి గుడ్డ, కొంచెం దూది, అలెన్ కీల సెట్టు, రూపాయి బిళ్ల, ఫోన్ టార్చి ఎలాగూ ఉంటుంది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) ఉన్న ఫ్రెండ్ ఉంటే వాడినీ వెంటేసుకెళ్లండి, విప్పినవి మళ్లీ బిగించాలి కదా.

ఫ్రేమ్ మురికిగా ఉంటే ముందు తుడవండి. తుడవనివ్వకపోతే వచ్చేయండి, అంతే.

చూడటం: పడిన గుర్తుల నుంచి ఫ్రేమ్‌కి రండి

ఫ్రేమ్‌ని నేరుగా చూస్తే ఏమీ కనపడదు, మీ కళ్లు పెయింట్ మీదే ఉంటాయి. ముందు సైకిల్ ఏ పక్కకి పడిందో కనిపెట్టండి. బ్రేక్ హుడ్డుల బయటి అంచు, హ్యాండిల్ టేప్ చివర, పెడల్ బయటి వైపు, సీటు పక్క అంచు, వెనక డీరెయిలర్ (గేరు మార్చే భాగం), చక్రాల ఇరుసు చివర్లు, ఈ ఆరింటి మీద గీతలు చూడండి. టేపూ హుడ్డులూ కొత్తవి వేసి పెడల్ మటుకు బాగా గీసుకుపోయి ఉంటే ఎందుకు మార్చారో అడగండి. ఎక్కడ గీతలున్నాయో తెలిస్తే ఫ్రేమ్‌లో ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది.

పడ్డప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి దాని చివరో బ్రేక్ లీవరో టాప్ ట్యూబ్‌ని కొడుతుంది. హ్యాండిల్‌ని రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి అది ఎక్కడ తగులుతుందో చూసి సరిగ్గా ఆ చోట వేలితో తడమండి, కార్బన్ ఫ్రేముల్లో దెబ్బ దొరికే మొదటి స్థలం ఇదే. వెనక డీరెయిలర్ లోపలికి వంగి ఉంటే హ్యాంగర్ (డీరెయిలర్‌ని పట్టి ఉంచే ముక్క), దాని వెనక డ్రాపౌట్ (చక్రం ఇరుసు కూర్చునే చోటు), అక్కడినుంచి చైన్ స్టే (బాటమ్ బ్రాకెట్ దాకా పోయే కింది ట్యూబు) వరకు చూడండి. ముందు నుంచి గోడకో ఆటోకో గుద్దితే హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు ట్యూబు) వెనక, డౌన్ ట్యూబ్ (అక్కడినుంచి పెడళ్ల దగ్గరికి దిగే ట్యూబు) కింది వైపు చూడాలి. ఇక్కడే మెటల్‌కీ కార్బన్‌కీ అసలు తేడా తెలిసేది. స్టీలు ఫ్రేమ్ గుద్దుకుంటే ఆ చోట ఉబ్బో ముడతో వస్తుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది, వంగిపోయింది అని అదే చెప్తుంది. కార్బన్ వంగి మళ్లీ యథాస్థితికి వచ్చేస్తుంది, పైకి నున్నగా ఉంటుంది, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. కార్బన్ మీద జనానికున్న భయంలో న్యాయమైన భాగం ఇదొక్కటే అని నా అభిప్రాయం, మిగతాదంతా వినికిడి.

గీత దొరికిందనుకోండి, కంగారు పడకండి, ఎక్కువ గీతలు పెయింటువే. గోరుతో అడ్డంగా గీయండి, గోరు తగులుకోకపోతే క్లియర్ కోట్ (పెయింట్ మీద వేసే పారదర్శక పూత) మీది గీత, పట్టించుకోవద్దు. గోరు తగులుకుంటే దూది తీసుకుని దానిమీద మెల్లగా రాయండి, దూది పోగులు చిక్కుకుంటే కార్బన్ పోగు తెగి బయటికొచ్చినట్టే. గీత ఆకారం కూడా చెప్తుంది. ఒక్క సన్నటి గీత తిన్నగా సీట్ ట్యూబ్ (సీటు కింది నిలువు ట్యూబు) అతుకు దగ్గరో, అల్యూమినియం ముక్క కార్బన్‌ని కలిసేచోటో ఉంటే అది చాలాసార్లు పెయింట్ మాత్రమే పగిలింది, రెండు మెటీరియల్సూ వేరేగా సాగుతాయి కాబట్టి పెయింట్ తట్టుకోలేదు. అలాకాక ఒక చుక్క నుంచి చుట్టూ చీలికలు పాకితే, లేదా గీత ట్యూబు చుట్టూ తిరుగుతూ పోతుంటే, లేదా నొక్కినప్పుడు గీత తెరుచుకున్నట్టు అనిపిస్తే అది పెయింట్ కాదు.

అనుమానం వచ్చిన చోట బొటనవేలితో నొక్కండి. తేలికైన ఫ్రేముల టాప్ ట్యూబ్ బాగున్నా కొంచెం లోపలికి పోతుంది, కాబట్టి రెండంగుళాలు పక్కన కూడా నొక్కి పోల్చండి, అనుమానమున్న చోటే మెత్తగా ఉంటేనో చిటచిట శబ్దం వస్తేనో అక్కడ పొరలు విడిపోయాయి.

తర్వాత రూపాయి బిళ్లతో తట్టడం. బాగున్న చోట టక్ టక్ అని గట్టిగా మోగుతుంది, విడిపోయిన చోట డబ్ అని మూగగా పలుకుతుంది, పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూసినట్టే. కాకపోతే గోడ మందం మారేచోట, బాటమ్ బ్రాకెట్ దగ్గర, లోపల కేబుల్ తగిలేచోట శబ్దం ఎలాగూ మారుతుంది. అందుకని ఎడమ చైన్ స్టే మీద ఎక్కడ తట్టారో కుడిదాని మీద కూడా అక్కడే తట్టి పోల్చండి. ఇది ఆచూకీ మాత్రమే, రుజువు కాదు. రుజువు కావాలంటే అల్ట్రాసౌండ్ చేయించాలి.

బాటమ్ బ్రాకెట్ దగ్గర చైన్ స్టే లోపలి అంచు చూడండి, చైన్ జారి లోపల ఇరుక్కున్న ప్రతిసారీ అక్కడ కోసుకుపోతుంది. పైపై గీతలైతే సరే, లోతుగా తిని పోగులు కనిపిస్తే వద్దు. అలాగే వెనక టైరు పక్కన స్టేల లోపలి గోడ, మన దగ్గర వానాకాలంలో ఎర్రమట్టి రోడ్ల మీద తొక్కితే టైరుకి పట్టిన బురద ఉప్పుకాగితంలా ఆ గోడని అరగదీస్తుంది, ఇది ఎవరూ చూడరు, టార్చి వేసి చూడండి. కేబుళ్లు హెడ్ ట్యూబ్‌కి రాసుకున్న చోట కూడా అంతే.

తొక్కి చూసినప్పుడు కిర్రుకిర్రుమంటే ఫ్రేమ్ పగిలిందని అనుకోకండి, చాలావరకు అది నొక్కి కూర్చోబెట్టే ప్రెస్ ఫిట్ బేరింగులదో, పొడిబారిన సీట్ పోస్ట్‌దో (సీటుని మోసే గొట్టం), పెడల్‌దో అయి ఉంటుంది. కానీ ఆ సాకుతో రేటు మాత్రం తగ్గించమనండి.

విప్పకుండా కొనకండి

సీట్ పోస్ట్ బయటికి తీయించండి. తీయడానికి రాకపోతే పెద్ద సమస్యే, అల్యూమినియం పోస్ట్ కార్బన్ ఫ్రేమ్‌లో ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే చెమటా వాన నీళ్లూ చేరి ఇందాక చెప్పిన కరోజన్‌తోనే బిగుసుకుపోతుంది, బలవంతంగా తిప్పితే ఫ్రేమే చీలుతుంది. బయటికొచ్చాక సీట్ ట్యూబ్ పైనున్న చీలిక చివర చూడండి, ఎక్కువ టార్క్ పెట్టి బిగించేవాళ్ల ఫ్రేములు అక్కడే పగుల్తాయి. పోస్ట్ మీద మినిమమ్ ఇన్సర్షన్ గీత (ఇంతకన్నా బయటికి లాగకూడదనే గుర్తు) కన్నా పైకి పెట్టి తొక్కారేమో పాత గుర్తులు చూస్తే తెలిసిపోతుంది, పొడుగువాళ్లు చిన్న సైజు కొన్నప్పుడు ఇదే జరుగుతుంది.

ఇంకా ముఖ్యమైనది ఫోర్క్, ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం. ఫ్రేమ్ పగిలితే చాలాసార్లు ఇంటికి నడిపించుకుంటూ అయినా వస్తారు, ఫోర్క్ స్టీరర్ (హెడ్ ట్యూబ్‌లోంచి హ్యాండిల్ దాకా పోయే గొట్టం) తెగితే హ్యాండిల్ చేతిలో ఉండిపోయి మొహం రోడ్డు మీద ఉంటుంది. 2006 పారిస్ రూబే రేసులో జార్జ్ హింకాపీ అనే రేసర్ అలాగే స్టీరర్ తెగి పడిపోయాడు, అది అల్యూమినియం స్టీరర్, కార్బన్ కాదు. కాబట్టి ఏ మెటీరియల్ అయినా స్టీరర్ చూడకుండా డబ్బులివ్వొద్దు. పైన క్యాప్ విప్పి, స్టెమ్ (హ్యాండిల్‌ని స్టీరర్‌కి పట్టించే ముక్క) వదులు చేసి, ఫోర్క్ కిందికి లాగితే వచ్చేస్తుంది, పది నిమిషాల పని. స్టెమ్ పట్టుకునే చోట చుట్టూ తిరిగే గీతలున్నాయా, అంచులు నొక్కుకుపోయాయా, కింద హెడ్‌సెట్ బేరింగ్ కూర్చునే మలుపులో పగులుందా చూడండి. కార్బన్ స్టీరర్ లోపల విస్తరించే ప్లగ్ ఉండాలి. మెటల్ ఫోర్కులకి కొట్టే స్టార్ నట్ కార్బన్ దాంట్లో కొట్టి ఉంటే ఆ ఫోర్క్ పనికిరాదు, లోపల గోడ అంతా గీరుకుపోయి ఉంటుంది. విప్పడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే షాపులో విప్పిద్దాం, ఖర్చు నాది అనండి, దానికీ ఒప్పుకోకపోతే ఇంకేం మాట్లాడక్కర్లేదు.

దెబ్బ దొరికింది, ఇప్పుడేంటి

ఫోర్క్‌లో, స్టీరర్‌లో, హ్యాండిల్‌లో పగులుంటే రిపేరు ఆలోచనే వద్దు, కొత్తది వేసుకునే ఖర్చు రేట్లో తగ్గించి కొనండి లేదా మానేయండి. టాప్ ట్యూబ్‌లోనో చైన్ స్టేలోనో చిన్న పగులైతే రిపేరు అవుతుంది, అవును నిజంగానే అవుతుంది, పాడైన భాగం చుట్టూ ఏటవాలుగా గీకేసి కొత్త పొరలు అదే కోణాల్లో వేసి రెజిన్ పోసి వేడిలో గట్టిపరుస్తారు. అల్యూమినియంకి ఈ సౌకర్యం లేదు. 6061 అల్యూమినియం వెల్డ్ చేస్తే ఆ చోట బలం పోతుంది, ఫ్రేమ్ మొత్తాన్ని మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తేగానీ రాదు, అంత పని ఏ వెల్డింగ్ షాపులోనూ చేయరు. కానీ కార్బన్ రిపేరు అంటే ఏదో ఒక చోట ఎపాక్సీ పూసి పెయింట్ వేసేసేవాళ్లు కూడా ఉన్నారు, రిపేరు చేసిన ఫ్రేమ్ అమ్ముతున్నారంటే చేసేటప్పుడు తీసిన ఫోటోలు అడగండి, పని తెలిసినవాళ్లు ఫోటోలు తీసే పెట్టుకుంటారు.

అదే డబ్బుకి మెటల్ సైకిల్ దొరుకుతుంటే దాన్ని కూడా చూడండి, చెక్ చేయడం తేలిక. అల్యూమినియంలో అన్ని వెల్డుల పక్కనా, ముఖ్యంగా హెడ్ ట్యూబ్ డౌన్ ట్యూబ్ కలిసేచోట, పెయింట్‌లో సన్నటి వెంట్రుక లాంటి గీత ఉందా చూడండి, ఉంటే వద్దు. స్టీలు అయితే సీట్ పోస్ట్ తీసి టార్చి వేసి లోపల తుప్పు చూడండి, వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో వాడిన ఫ్రేమైతే బాటమ్ బ్రాకెట్ కింద కూడా చూడాలి, నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. చిన్న సొట్ట స్టీలుకి పెద్ద నష్టం కాదు. టైటానియంలో వెల్డ్ రంగు చూడండి, వెండిలా మెరవాలి, నీలంగానో బూడిద రంగులోనో ఉంటే గాలి తగిలింది.

రోజూ ఆఫీసుకి వెళ్లి స్టాండులో పది సైకిళ్ల మధ్య పారేసే వాడకమైతే, లేదా ఆర్టీసీ బస్సు మీద వేసుకుని ఊరెళ్లే వాడకమైతే కార్బన్ కొనకండి, అల్యూమినియం కొని సుఖంగా ఉండండి. లగేజీ కట్టుకుని దూరాలు పోయేవాళ్లకి ఇప్పటికీ స్టీలే, మండల కేంద్రంలో వెల్డింగ్ షాపులో అతికించుకుని తర్వాత టౌన్ దాకా అయినా రావచ్చు, మన పాల వాళ్ల హీరో, అట్లాస్ సైకిళ్లు ముప్పై ఏళ్లు నడిచాయంటే మందపాటి స్టీలూ ఊరూరా రిపేరూ కలిసే. పొద్దున్నే హైదరాబాద్ ఓఆర్‌ఆర్ పక్క సోలార్ ట్రాక్ మీదో, వికారాబాద్ అనంతగిరి ఎక్కడానికో తొక్కి ఇంటికి తెచ్చి గదిలో పెట్టుకునేవాళ్లకి కార్బన్ హాయిగా ఇరవై ఏళ్లయినా వస్తుంది.

కొన్నాక

టార్క్ రెంచ్ కొనండి, ఇది ఆప్షన్ కాదు. సీట్ పోస్ట్ క్లాంప్, స్టెమ్ బోల్టులు సాధారణంగా నాలుగైదు న్యూటన్ మీటర్లు, ఆ భాగం మీదే రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. మామూలు అలెన్ కీతో "ఇంకొంచెం" అని బిగించే చెయ్యి రాళ్ల కన్నా ఎక్కువ కార్బన్‌ని పగలగొట్టింది అంటే అతిశయోక్తి కాదేమో. కార్బన్ పోస్ట్‌కి గ్రీజు పూయకండి, జారిపోతుంది, జారుతోందని ఇంకా బిగిస్తారు, బిగిస్తే పగులుతుంది. కార్బన్ పేస్ట్ అని ఇసకలా గరగరలాడేది దొరుకుతుంది, అది పూస్తే తక్కువ టార్క్‌తోనే పట్టుకుంటుంది. రిపేర్ స్టాండులో ఎప్పుడూ సీట్ పోస్ట్‌నే పట్టించాలి, టాప్ ట్యూబ్‌ని కాదు, షాపులో ఇచ్చేటప్పుడు ఈ మాట పక్కనే నిలబడి చెప్పండి.

ఎండకి కార్బన్ కరిగిపోతుందా అని అడుగుతుంటారు. లేదు. రెజిన్‌ని వంద డిగ్రీల పైనే వేడి చేసి గట్టిపరుస్తారు, మే నెల రామగుండం ఎండ కూడా దాన్నేం చేయదు, పైన క్లియర్ కోట్ పోకుండా చూసుకుంటే చాలు. వేడి సమస్య ఉన్నది రిమ్ బ్రేకులున్న కార్బన్ చక్రాలకి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ ఉబ్బుతుంది, ఫ్రేమ్‌కి దీనితో సంబంధం లేదు.

విమానంలోనో బస్సులోనో పంపేటప్పుడు చక్రాలు తీసి ఫోర్క్ కాళ్ల మధ్యా, వెనక డ్రాపౌట్ల మధ్యా ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టండి, సైకిల్ షాపుల్లో కొత్త సైకిళ్లకి వచ్చినవి పడేస్తుంటారు, అడిగితే ఊరికే ఇస్తారు. ట్యూబులకి పైప్ ఫోమ్ చుట్టండి.

పడ్డారనుకోండి, ఒంటికేం కాలేదని లేచి వెంటనే తొక్కుకుంటూ పోకండి. హ్యాండిల్ టాప్ ట్యూబ్‌కి తగిలిందా, డీరెయిలర్ వంగిందా అక్కడే చూసుకోండి, బ్రేక్ పట్టి ముందు వెనక ఊపితే ముందు భాగంలో కొత్త శబ్దం ఏమైనా వస్తోందా వినండి. ఇంటికొచ్చాక కడిగి ఇందాక చెప్పిన గోరు, దూది, బిళ్ల మళ్లీ చేయండి. గట్టిగా ముందుకి పడితే మటుకు ఏమీ కనపడకపోయినా ఫోర్క్ విప్పి చూసేదాకా తొక్కకండి. చాలా కంపెనీలకి క్రాష్ రీప్లేస్‌మెంట్ అని ఉంటుంది, పగిలిన ఫ్రేమ్ ఇస్తే కొత్తది తక్కువ ధరకి ఇస్తారు, మళ్లీ అదీ ఎక్కువగా ఫస్ట్ ఓనర్‌కే, అయినా ఒకసారి షాపులో అడిగి చూడండి, కొందరు ఇస్తారు.